రాజమ్మ మూర

మోచేతి నుంచి వేలికొస దాకా మల్లెదండ కొలిచి, ఆ పైన నాలుగు వేళ్లు వదిలి తెంపేది రాజమ్మ. "అమ్మకు కొసరు," అనేది. భార్య శారదాదేవి పోయినప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా, వీరరాఘవయ్య ఫిల్మ్‌నగర్‌లో పని ముగించుకుని మధురానగర్ ఇంటికి పోతూ రాజమ్మ పూలబుట్ట దగ్గర ఆగుతున్నాడు. ఆ దండ భార్య ఫొటోకు ఈ మేకు నుంచి ఆ మేకు దాకా వంపు తిరిగి సరిపోయేది.

ఆయన సినిమా సెట్లకు కొలతలు చూసే మనిషి. పెళ్లిమంటపం సెట్‌కు మూడువందల అడుగుల మల్లెదండ కావాలంటే పట్టుబట్టి ఆర్డరు రాజమ్మకే ఇప్పించాడు. ఆమెకు అడుగుల లెక్క తెలియదు. అడుగున్నర ఒక మూర అని బడిలో నేర్చుకున్నది గుర్తు చేసుకుని, రెండువందల మూరలు అని చీటీ రాసిచ్చాడు. ఇది సరిగ్గా కుదిరితే ఇక అన్ని సెట్లకూ ఆమే పూలు ఇవ్వొచ్చు. కోడళ్లిద్దర్నీ కూర్చోబెట్టుకుని రాజమ్మ పూలు కట్టింది.

తెల్లారి చూస్తే నాలుగో స్తంభం బోడిగా మిగిలింది. ఇరవై అడుగులు తక్కువ. కెమెరా ఆగిపోయింది.

"రెండొందల మూరలు అంటివి గద?" అన్నాడు మేనేజర్ ఓంప్రకాష్.

"పది మూరలు కొసరు గూడ ఏసిన సార్."

"సార్, టేపు జర ఇటియ్యండి," అని మేనేజర్ చెయ్యి చాచాడు. వీరరాఘవయ్య జేబులోని స్టీలు టేపు తీసి ఇచ్చాడు. అందరి ముందూ ఓంప్రకాష్ రాజమ్మ చెయ్యి పట్టుకుని కొలిచాడు. పదహారు అంగుళాలు.

"మూరంటే పద్దెనిమిది. మూరకు రెండంగుళాలు ఏడ దాస్తున్నవ్?"

లైట్ల దగ్గర ఎవరో నవ్వారు.

"నా చెయ్యే గింత సార్," అంది రాజమ్మ.

ఆ చెయ్యి ఎంత పొట్టిదో తొమ్మిదేళ్లుగా చూస్తున్నవాడు వీరరాఘవయ్య. లెక్క నాది అనాలి. డైరెక్టర్ ఇటే చూస్తున్నాడు. టేపు తిరిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. రాజమ్మ ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని వెళ్లిపోయాక, మేనేజర్‌ని పక్కకు పిలిచి లెక్క తనదని చెప్పాడు.

"పోనియ్యండి సార్, మీరు పెద్దమనుషులు," అన్నాడు ఓంప్రకాష్. "ఇగ ప్లాస్టిక్ పూలే. మీటర్ల లెక్కన వస్తయ్. ఎవరి చేతులతోని పని లేదు."

సాయంత్రం వీరరాఘవయ్య బుట్ట ముందు నిలబడ్డాడు.

"రాజమ్మా, ఆ తప్పు నాది."

"ఎరుకే సారు. చీటీ మీరే రాసిస్తిరి గద." ఆమె తలెత్తలేదు. "గాడ చెప్పుంటే అయిపోతుండె. గీడ నాకు చెప్తే ఏమొస్తది?"

రాజమ్మ ఒళ్లో నుంచి దర్జీలు వాడే కొత్త టేపు తీసింది. దండను దాని పక్కన పరిచి, పద్దెనిమిది గీత దగ్గర బొటనవేలు ఆనించి తెంపింది. ఆకులో చుట్టింది. ఎప్పటిలాగే వాడిపోకుండా నాలుగు నీటిచుక్కలు చల్లింది. అమ్మ మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి ఫొటోకు వేయబోతే, రెండో మేకుకు అంగుళం తక్కువైంది.