బటన్‌కూ బొమ్మకూ మధ్య

కొత్త గేమ్ కన్సోల్ మీద కప్పిన నల్లగుడ్డ తొలగించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. బావ మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చేత్తో పట్టుకోకముందే వస్తువును మెచ్చుకోవడం, వండకముందే ఉప్పు సరిపోయిందనడం లాంటిదని అతని వాదన.

బావా బావమరుదులిద్దరూ కలిసి ఒక పత్రికకు వీడియో గేముల గురించి రాస్తారు. ఆడేది బావ, రాసేది బావమరిది. పాఠకులు బావకు ‘బొటనవేలు’ అని పేరు పెట్టారు. ఎంత గొప్ప కంట్రోలరైనా ఆ వేలి కిందికి వచ్చాకే దాని గుట్టు బయటపడుతుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళ పనికి ఒక నియమం ఉంది. రాసేవాడు యంత్రాన్ని ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది బావే. నాలుకలు రెండైతే రుచులూ రెండవుతాయి, నువ్వు నా మొహం చూసి రాయి చాలు అనేవాడు. బావమరిది ఏళ్ళ తరబడి ఆ మొహాన్నే చదువుతూ వచ్చాడు. ఎడమ కనుబొమ లేచిందంటే ఆట బాగున్నట్టు. కింది పెదవి లోపలికి పోయిందంటే కంపెనీవాడికి మూడినట్టే.

ఆ రోజు ఆ మొహం అతనికి అంతుపట్టలేదు.

విలేకరులను చిన్న చిన్న గదుల్లోకి పంపారు. గదికో టీవీ, సోఫా, కాపలాగా కంపెనీ మనిషి. తెర మీద ఒక నక్క రాళ్ళ మీదుగా గెంతుతూ వాగు దాటాలి. బావ నొక్కాడు. నక్క వాగులో పడింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ పడింది. అలా పడుతూనే ఉంది. చిన్నపిల్లలు కూడా దాటే వాగు అది. కంపెనీ అమ్మాయి మర్యాదకు గోడవైపు చూస్తూ నిలబడింది.

“నొక్కడానికీ ఎగరడానికీ మధ్య సందుంది. ఆలస్యం. రాసుకో,” అన్నాడు బావ.

చేతికి చెమట పట్టిందంటూ బావ కడుక్కోవడానికి వెళ్ళాడు. పక్క గదిలోంచి ఎవరో పిలిస్తే ఆ అమ్మాయీ వెళ్ళింది. కంట్రోలర్ సోఫా మీద ఉండిపోయింది.

బావమరిది తలుపువైపు చూశాడు. పాలగిన్నె దగ్గర పిల్లిలా ఒక్క క్షణం తటపటాయించి, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. బటన్ నొక్కాడు. నక్క ఎగిరింది. నొక్కీ నొక్కకముందే ఎగిరింది. రాయి మీంచి రాయి మీదికి గెంతి, అవతలి గట్టు మీద నిలబడి తోక ఊపింది. ఆటల్లో ఓనమాలు రాని చెయ్యి తనది. బావ తిరిగి వచ్చేలోపు నక్కను తనే వెనక్కి నడిపించి, వాగులోకి తోసేసి, కంట్రోలర్‌ను ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

సాయంత్రం బావ వాళ్ళింట్లో భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ పనికి కూర్చున్నారు. వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతోంది. బావ చెబుతూ పోయాడు, బావమరిది కంప్యూటర్‌లో కొడుతూ పోయాడు. పెట్టె రూపం బాగుంది. నడుస్తున్నట్టే తెలియనంత నిశ్శబ్దంగా ఉంది. రంగులు కంటికి హాయిగా ఉన్నాయి. అక్కడిదాకా ఇద్దరికీ పేచీ లేదు.

“కానీ,” అన్నాడు బావ, “ఇంత ఆలస్యంగా పలికే కంట్రోలర్‌ను జనం మీదికి వదలడం అన్యాయం. ఈ మాట ఉన్నదున్నట్టు వెయ్యి.”

బావమరిది వేళ్ళు ఆగాయి. మిగతా పత్రికల తొలి అభిప్రాయాలు అప్పటికే వచ్చేశాయి. ఒక్కరూ ఆలస్యం మాటెత్తలేదు. ఆ సంగతే మెల్లగా చెప్పి చూశాడు. వాళ్ళంతా కంపెనీవాడు పెట్టిన భోజనం తిని రాశారని బావ కొట్టిపారేశాడు. ఇదే మాట ఇంకొకరు రాసి ఉంటే ‘ఆడలేక మద్దెల ఓడు’ అని ముందుగా నవ్వేది బావే. రేపు పాఠకులు బావనే ఆ మాట అంటారు. బావమరిదిని భయపెడుతున్నది అది కాదు.

బావకు ఒక అన్న ఉండేవాడు. దర్జీ. ఒక ఏడు ఉన్నట్టుండి, సూదులు మంచివి రావడం లేదని సణగడం మొదలుపెట్టాడు. సూదులు మార్చాడు. దారం మార్చాడు. చివరికి కుట్టు మిషనే మార్చాడు. ఆ వీధిలో అంత మంచి మిషన్ ఇంకొకరికి లేదు, కుట్టు మాత్రం వంకర పోతూనే ఉంది. లోపం సూదిలో లేదని తెలిసేసరికి ఆయన చెంచా ఎత్తలేకపోతున్నాడు. నరాల జబ్బు. ముందే వస్తే కొంతకాలం నిలబెట్టగలిగేవాళ్ళమని డాక్టరు అన్నాడు. కడదాకా బావే అన్నం తినిపించాడు. ఆయన పోయాక బావ ఆ ఊసు ఎత్తింది ఒక్కసారే. కొట్లో పనిచేసే అందరికీ తెలుసురా, గౌరవం కొద్దీ ఒక్కడూ నోరు విప్పలేదు అన్నాడు.

ఈ మధ్య ఇంటికి రాగానే బావ తలుపు తియ్యమని తాళంచెవి బావమరిది చేతికే ఇస్తున్నాడు. ఇప్పటిదాకా అదీ గౌరవమేననుకున్నాడు అతను.

“బావా, నేను ముట్టుకున్నాను.”

“దేన్ని?”

“కంట్రోలర్‌ని. నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు.”

బావ నవ్వాడు. “ఇన్నేళ్ళ నిష్ఠ ఇవాళ గంగలో కలిసిందన్నమాట. నీకేం, బావమరిదివి, అడిగేవాడెవడు? ఇంతకీ ఎన్ని మునకలు వేయించావు నక్క చేత?”

“మునగలేదు బావా.”

బావ నవ్వు పూర్తిగా పోలేదు. ముఖం మీద అలాగే నిలిచిపోయింది.

“నొక్కగానే ఎగిరిందా?”

“నొక్కగానే ఎగిరింది.”

వంటింట్లో కుళాయి ఆగింది. బావ కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువును చూసినట్టు దాన్ని చూశాడు. బొటనవేలు ఎత్తాడు. అది లేచింది, కాస్త ఆగి లేచింది. అలసట కావచ్చు, నిద్ర చాలకపోవచ్చు అని చెప్పడానికి బావమరిది దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఆ వేలిని చూశాక వాటిని వదిలేసి, కీబోర్డు మీద చేతులు పెట్టాడు.

“ఆ వాక్యం కొట్టెయ్యి,” అన్నాడు బావ. “కంట్రోలర్ బాగా పలుకుతోందని రాయి. కింద నీ పేరొక్కటే వెయ్యి.”

“రెండు పేర్లూ ఉండనీ బావా.”

“వద్దు. నాకు తెలియనిదాన్ని నేను చెప్పినట్టు ఎందుకు?”

బావమరిది ఆ వాక్యాన్ని తుడిచేశాడు. దాని స్థానంలో చిన్న వాక్యం ఒకటి రాశాడు. అందులో అబద్ధం లేదు. అయినా ఇంత కష్టంగా అతను ఏ వాక్యమూ రాయలేదు.

రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. బావ తలూపాడు. తర్వాత వంటింటివైపు తిరిగి, పని ఆపి ఇలా రమ్మని భార్యను పిలిచాడు. అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బావమరిది కంప్యూటర్ మూసి లేవబోయాడు.

“నువ్వెక్కడికి? కూర్చో,” అన్నాడు బావ. “నేను మధ్యలో ఆగిపోతే మిగతాది నువ్వు చెప్పాలి.”

అతను కూర్చున్నాడు. అక్క కుర్చీ లాక్కుంది.