బుడంకాయ లేని పుస్తకం

ఇస్త్రీపెట్టె కనబడక నానమ్మ ఇల్లంతా గాలించింది. చివరికి అది కుట్టుమిషను కింద, ఐదు పుస్తకాల దొంతర మీద బరువుగా కూర్చుని కనబడింది. పెట్టె ఎత్తితే పై పుస్తకం అట్ట మీద మనవడి మొహమే నవ్వుతోంది. పక్కన వాడికంటే ఎత్తున్న కుక్క.

“అమ్మాయ్, నీ కొడుకు తన మొహానికి తనే ఇస్త్రీ పెట్టుకున్నాడు, వచ్చి చూడు” అంది.

కోడలు వచ్చి చూసి గతుక్కుమంది.

ఆ పుస్తకాలు నెలకొకటి చొప్పున పోస్టులో వస్తున్నాయి. పిల్లవాడి ఫొటో, పేరు పంపి చందా కడితే వాడినే కథానాయకుణ్ణి చేసి బొమ్మల పుస్తకం తయారుచేస్తారు. నాలుగేళ్ల వాణ్ణి ఇంట్లో అందరూ బుడంకాయ అనే పిలుస్తారు గానీ, పుస్తకంలో అసలు పేరు ఇంతింత అక్షరాలతో ఉంటుంది. మొదటి నెల కథలో వాడొక కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నాడు. రెండో నెలకి అది మోకాలెత్తు పెరిగింది. ఐదో నెలకి గుర్రమంతయింది. దాని మెడ చుట్టూ బుడంకాయ చెయ్యి.

ప్రతి పుస్తకంతోపాటు ఒక కార్డు వచ్చేది. ‘బాబుకు కథ నచ్చిందా? ఏం నచ్చిందో రాయండి’ అని ఆ కథలు రాసే ఆవిడే గుండ్రటి చేతిరాతతో అడిగేది. మొదటి నెల బుడంకాయ రెండో పేజీకే పుస్తకం మూసేసి పారిపోయాడు. కానీ అంత ముచ్చటగా అడిగిన మనిషికి నచ్చలేదని రాయడానికి తల్లికి చెయ్యి రాలేదు. ‘చాలా బాగుంది. కుక్క మరీ ముద్దుగా ఉంది’ అని రాసి పంపింది. రెండో నెలా అదే రాసింది. తర్వాత మార్చి రాద్దామంటే, ముందు రాసింది అబద్ధమని తేలిపోతుంది కదా అని నెలనెలా అదే రాస్తూ వచ్చింది.

పుస్తకాలు దాచడమొక్కటే అయితే నవ్వి ఊరుకునేది. మూడు వారాలుగా వాడు ఏ పుస్తకం దగ్గరికీ రావడం లేదు. చదివించుకుని చదివించుకుని చింపేసిన పాత బండ్ల పుస్తకం తీసినా సరే, పేజీ చప్పుడుకే ఒళ్లోంచి జారిపోతున్నాడు. రెండు నెలల్లో బడి. చేజేతులా వాడికి పుస్తకమంటే భయం పెట్టానే అని ఆమె లోలోపల కుమిలిపోతోంది.

అత్తగారికి కార్డుల సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ చొక్కా కాలరు రుద్దుతూ అంతా విన్నది.

“ఎవరింటికో వెళ్లి, ఉప్పెక్కువైన కూర బాగుందన్నావనుకో. ఇంకో గరిటె వెయ్యరూ? తప్పు వడ్డించినదానిదా, మెచ్చుకున్నదానిదా?”

“మొహం మీద బాగాలేదని ఎలా అంటాం అత్తయ్యా?”

“మొహం మీద అనకు. ఫోన్లో అను. మొహం కనబడదు.”

కార్డు వెనక నంబరుంది. నాలుగు మాటలు ముందే కూడబలుక్కుని ఫోన్ చేసింది. రెండో మోతకే అవతలావిడ ఎత్తింది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది కూడా.

“కుక్క ముద్దుగా ఉందని రాస్తుందే, ఆ అమ్మాయివా నువ్వు? నీ కార్డులు నా బల్ల ఎదురుగా గోడకి అంటించుకున్నానమ్మా.”

కూడబలుక్కున్న నాలుగు మాటలూ గాలికెగిరిపోయాయి. ఇక గుక్క తిప్పుకోకుండా ఇస్త్రీపెట్టె దాకా ఉన్నదంతా చెప్పేసింది.

“ఐదు నెలల నుంచీ నచ్చలేదా?” అందావిడ మెల్లగా.

“మొదటి నెల నుంచేనండీ. మీరు నొచ్చుకుంటారని...”

“నీ కార్డులు చూసి ఇంకో పదకొండుమంది పిల్లల కథల్లో కూడా ఆ కుక్కనే పెట్టాను.”

“వాళ్లకి నచ్చిందా అండీ?” అంది తల్లి.

“తల్లులందరూ చాలా బాగుందనే రాశారు.”

ముందు నవ్వింది అవతలావిడే. ఆ నవ్వు ఆగేదాకా ఇక్కడ తల్లి కూడా చీరచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇవాళ పదకొండు ఫోన్లు చేసుకోవాలి నేను. ముందు మీవాణ్ణి పిలు. కార్డు రాసే వయసు కాదు గనక నిజం చెప్తాడు.”

బుడంకాయ రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాడు. తల్లి పక్కనే చెవి పెట్టింది.

“కుక్కంటే భయమా నాన్నా?”

“కాదు. పుస్తకం తెరిస్తే అది లేస్తుంది. నేను దాని పక్కనే ఉన్నాను.”

“అందుకని బరువు పెట్టావా?”

“ఊఁ. బండ్ల పుస్తకంలోకి కూడా నన్ను వేసేస్తారు మీరు. లారీ కింద.”

“వెయ్యను. ఇక ఏ పుస్తకంలోనూ నిన్ను పెట్టను. వేరే అబ్బాయిని పెట్టనా?”

“పెట్టండి.”

“కుక్కని కూడా తీసెయ్యనా?”

బుడంకాయ ఆలోచించాడు. “కుక్క ఉండొచ్చు. నేను ఇంట్లో ఉంటాను.”

తల్లి గుండెల మీంచి బండ దించినట్టయింది. వీడికి పుస్తకమంటే భయం కాదు, అందులో తను ఉండటమే భయం. తెలుసుకోవడానికి ఒక్క మాట అడిగితే సరిపోయేది.

తర్వాతి నెల పుస్తకం వచ్చిన మధ్యాహ్నం, అట్ట మీద ఎవరో ఎర్రచొక్కా అబ్బాయి ఉన్నాడు. బుడంకాయ దూరంగా నిలబడి పేజీలన్నీ తల్లి చేతే తిప్పించాడు.

“నేను లేను కదా?”

“లేవు.”

“పేరు?”

“అదీ లేదు.”

అప్పుడొచ్చి ఒళ్లో కూర్చున్నాడు, నెల పైన అయింది అలా కూర్చుని. మూడో పేజీలో కుక్క ఉంది. తల్లి చటుక్కున రెండు పేజీలు కలిపి తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“ఉండు. వాణ్ణి కరుస్తుందా?”

“చదివితే తెలుస్తుంది.”

“అయితే చదువు.”

చివరిదాకా చదివింది. కుక్క ఎవరినీ కరవలేదు. బుడంకాయ మొహం కాస్త చిన్నబోయింది. పుస్తకాన్ని తనే వెనక్కి తిప్పి మొదటి పేజీ తీశాడు.

“మళ్లీ చదువమ్మా. ఈసారి కరుస్తుందేమో.”