హవిజావా గదికి రేటెంత?

మా తెమెకె పేటలో అద్దె రేట్లు ఎవరు పెడతారని అడిగితే చదువుకున్నవాళ్ళు డాలరు అంటారు, సిమెంటు ధర అంటారు. వాళ్ళ మొహం. మా దగ్గర అద్దె రేట్లు పెళ్ళిళ్ళలో పెడతారు. సొంత ఇళ్ళున్న ఆడవాళ్ళందరం ఒకే చాప మీద చేరతాం, మధ్యలో పిలావు పళ్ళెం. మొదటి ముద్ద దగ్గర ఒకామె తన గది అరవై వేల షిల్లింగులంటుంది. రెండో ముద్ద దగ్గర పక్కామె డెబ్భై అంటుంది. మాంసం ముక్కలు అయిపోయే వేళకి లక్ష దాటిపోతుంది.

ఆ శనివారం కూడా అంతే జరిగింది. మా వెనక సందులో ఉండే బి కిదావా వేళ్ళు నాక్కుంటూ, "నా గదులు లక్షా ఇరవై. ఆర్నెల్ల అద్దె ముందే చేతిలో పెట్టి మరీ దిగుతున్నారు. వేగం బస్సుల రోడ్డు ఇటే వస్తోందిగా!" అంది. అని ఊరుకుందా? నా వైపు తిరిగి, "నీవెంత, సొమోయె? ఇంకా యాభైయేనా? అయ్యో పాపం" అంది.

ఆ పాపం అన్న మాటకి నా ఒళ్ళు భగ్గున మండింది. తిన్న పిలావు అరగలేదు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి నడవాలో నిలబడి నాలుగు గదుల వాళ్ళనీ బయటికి పిలిచాను. "వచ్చే నెల నించీ గది లక్ష. ఆర్నెల్లది ముందే కట్టాలి. ఉంటారో పోతారో శుక్రవారంలోగా చెప్పండి" అన్నాను. ముగ్గురు గొణిగారు. మూడో గది హవిజావా మాత్రం పిండి చేతులు తుడుచుకుంటూ, "సరే అక్కా" అంది. అంతే. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

హవిజావా నా ఇంట్లో పద్నాలుగేళ్ళుగా ఉంటోంది. నా అరుగు మీదే మూకుడు పెట్టుకుని వితుంబువాలు కాలుస్తుంది. కొబ్బరిపాలతో చేసే బియ్యప్పిండి పొంగణాలు, వీధి వీధంతా వాటి కోసం వస్తుంది. రోజూ పొద్దున నా కిటికీలో రెండు పెట్టి వెళ్ళేది. సోమవారం పెట్టలేదు. మంగళవారం పెట్టలేదు. బుధవారం కిటికీలో కోడి వచ్చి కూర్చుంది. నేను అడుగుతానా? ఇల్లు నాది. పలకరిస్తే తనే పలకరించాలి. కానీ నిజం చెప్పొద్దూ, మా ఆయన పోయాక ఈ ఇంట్లో నాతో రోజూ గొడవ పడేది అదొక్కతే. అది కూడా వెళ్ళిపోతే నేను ఎవరి మీద అరవాలి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వచ్చి గట్టిగా తలుపులు వేసేదాన్ని.

గురువారానికి నాకొక తెలివి పుట్టింది. బయట రేట్లు నిజంగానే లక్ష అని కళ్ళారా చూసొచ్చి, దాని మొహాన చెప్పాలి. అప్పుడు అదే కాళ్ళబేరానికి వస్తుంది. కాకపోతే గదులు కుదిర్చే దలాలీలు ఇంటివాళ్ళకి ఒక రేటు చెబుతారు, అద్దెకొచ్చేవాళ్ళకి ఇంకో రేటు చెబుతారు. అసలు రేటు తెలియాలంటే అద్దెకొచ్చేదానిలాగే వెళ్ళాలి. మా చెల్లెలి నల్ల బురఖా, అదే బుయిబుయి, తొడుక్కుని, కళ్ళు మాత్రమే కనిపించే ముసుగేసుకుని, నన్నెవరూ ఎరగని తందికా బజారుకి పోయాను.

అక్కడ ఎంబరుకు అనే దలాలీ దొరికాడు. బొజ్జ, రెండు ఫోన్లు, చంకలో చిరిగిన పుస్తకం. గదులు చూపించడానికే పదివేలు పుచ్చుకున్నాడు.

"ఎక్కడ నాయనా ఆ గదులు?" అన్నాను, గొంతు సన్నం చేసి.

"అది చెప్పకూడదమ్మా. చెబితే మీరే వెళ్ళి మాట్లాడేసుకుంటారు. నా పిల్లలేం తినాలి?" అన్నాడు. దలాలీలందరూ అంతే. అడ్రసు చెప్పరు, దారి గుర్తుండకుండా తిప్పుతారు. నన్ను బజాజీ ఆటో ఎక్కించి, చేపల బజారు చుట్టూ ఒకసారి, పోలీసు క్వార్టర్ల చుట్టూ రెండుసార్లు తిప్పాడు. నా నడుము విరిగింది. దిగి చూద్దును కదా, బి కిదావా ఇంటి ముందున్నాం!

కిదావా గుమ్మంలోనే ఉంది, నవ్వుతూ. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. "రండి తల్లీ, రండి. ఎండన పడి వచ్చారు" అంటూ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నడవాలో అయిదు తలుపులు. నాలుగింటికి తాళాలు. ఆ తాళాలకి తుప్పు.

"ఎంతమ్మా?" అన్నాను.

"లక్షా ఇరవై" అంది. నేను వెనక్కి తిరిగీ తిరగకముందే, "మీకు కాబట్టి అరవై" అంది. గుమ్మం దాటేసరికి యాభై అయింది. బజాజీలో కాలు పెట్టాను. "నలభై అయిదు తల్లీ! మొదటి నెల ఊరికే! ఆర్నెల్లది ముందివ్వక్కర్లేదు, నెలనెలా ఇవ్వండి! మీకు కోళ్ళున్నాయా? తెచ్చుకోండి!" అని వీధిలో వెంటపడింది.

ముసుగులో పగలబడి నవ్వాను. లక్షా ఇరవై రాణిగారు నాలుగు ఖాళీ గదులకి కాపలా కాస్తోందన్నమాట! పైగా నాకు పాపమట! నా కడుపు చల్లబడింది. అయితే ఆ చల్లదనం వీధి చివరి దాకా కూడా ఉండలేదు. ఇదా రేటు? ఈవిడ మాట పట్టుకునా నేను నా ఇంట్లో లక్ష అని కేకలేసింది?

"ఇంకోటి చూపిస్తానమ్మా," అన్నాడు ఎంబరుకు. "బ్రహ్మాండమైన గది. రేపే ఖాళీ అవుతోంది. ఖాళీ చేసే ఆవిడే నాకు చెప్పింది."

మళ్ళీ పోలీసు క్వార్టర్లు, మళ్ళీ చేపల బజారు. ఈసారి దిగేసరికి ఎదురుగా నా అరుగు. నా కోడి. నా గోడకి నేనే కొట్టించిన ఆకుపచ్చ రంగు.

పారిపోదామంటే ఎంబరుకు నా వెనకే ఉన్నాడు. నా ఇంటి గడప నేనే తడుముకుంటూ దాటాను.

మూడో గది తలుపు తెరిచే ఉంది. మూకుళ్ళన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి తాడుతో కట్టేసి ఉన్నాయి. పరుపు చుట్టేసి ఉంది. పద్నాలుగేళ్ళ సామాను ఇంతేనా అనిపించింది. హవిజావా చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది.

"లోపలికి రామ్మా," అంది నన్ను. "గది మంచిదే. గాలి వస్తుంది. కానీ ఆ మూల పరుపు వెయ్యకు, వానొస్తే కారుతుంది. మూడేళ్ళుగా చెబుతున్నా, ఇంటావిడ వచ్చే వారం అంటోంది. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు."

నేను తలెత్తి ఆ మూల కప్పు చూశాను.

"ఇంటావిడ ఎట్లాంటిది?" అన్నాడు ఎంబరుకు, పుస్తకం తీసి. వాడికెందుకట!

"ముక్కు మీద కోపం. ఇస్త్రీపెట్టె పెడితే కరెంటు మీటరు దగ్గర నిలబడి అరుస్తుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే అరుస్తుంది. ఎవరూ ఏమీ చెయ్యకపోతే, ఇంత నిశ్శబ్దంగా ఏం కుట్ర చేస్తున్నారని అరుస్తుంది."

"అబద్ధం!" అన్నాను. ఇద్దరూ నన్ను చూశారు. "అంటే... అంత చెడ్డవాళ్ళు ఉంటారా అని."

"చెడ్డదని నేనన్నానా?" హవిజావా గొంతు లేచింది. "అరిస్తే నువ్వూ తిరిగి అరవాలి. అరవకపోతే మనసులో పెట్టుకుని కుమిలిపోతుంది. ఇదిగో, ఇది బాగా గుర్తుపెట్టుకోమ్మా. పొద్దున్నే ఆమె కిటికీలో రెండు వితుంబువాలు పెట్టు. అంచు బాగా ఎర్రగా కాలినవి. వద్దంటుంది, ఆకల్లేదంటుంది. అక్కడ పెట్టేసి వెళ్ళిపో. ఆవిడ బీపీ మాత్ర ఏదన్నా తిని వేసుకోవాలి. ఆ రెండూ లేకపోతే ఏమీ తినదు, మాత్రా వేసుకోదు. ఈ నాలుగు రోజులూ వేసుకుందో లేదో నాకు తెలీదు."

వేసుకోలేదు. దానికెట్లా తెలిసిందసలు?

"మోకాలు నెప్పి వచ్చినప్పుడు చెప్పదు," అంది. "నడవాలో గోడ పట్టుకుని నడుస్తుంది. అప్పుడు లవంగనూనె రాసిపెట్టు. అడక్కు, అడిగితే తిడుతుంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి, ముసుగు ముక్కుకి అంటుకుపోయి, ఊపిరాడక ఒక చీదు చీదాను.

"జలుబా అమ్మా?" అన్నాడు ఎంబరుకు. "సరే, రేటు మాట్లాడుకుందాం. ఇంటావిడ లక్ష అంటోంది."

"లక్షా!" నా నోరు నా మాట వినలేదు. "ఈ కారే కప్పుకా? మీటరు దగ్గర కాపలా కాసే మనిషి ఇంట్లోనా? బయట నలభై అయిదుకి కోళ్ళతో సహా రమ్మంటున్నారు! యాభై. అంతకన్నా ఒక్క షిల్లింగు ఎక్కువ ఇచ్చేది లేదు!"

"ఇవ్వకు," అంది హవిజావా వెంటనే. "యాభై సరైన రేటు. నేనూ అదే ఇచ్చేదాన్ని."

"ఆమె ఒప్పుకోదమ్మా!" అన్నాడు ఎంబరుకు.

"ఒప్పుకుంటుంది! నాకు తెలుసు!"

"మీకెట్లా తెలుసు? ఉండండి, ఆమెనే అడుగుతా." హవిజావా చెప్పిన నంబరు నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

నా బుయిబుయి లోపల ఫోను మోగింది. అదేమన్నా మెల్లగా మోగే ఫోనా? నాకు చెవులు సరిగ్గా వినపడవని మా మేనల్లుడు గొంతంతా పెంచి పెట్టిన తారాబు పాట. డప్పులూ వయొలిన్లతో నా పొట్ట దగ్గర పెళ్ళి జరుగుతున్నట్టుంది. నేను కదల్లేదు. ఎంబరుకు తన ఫోను వంక చూశాడు, నా పొట్ట వంక చూశాడు, మళ్ళీ ఫోను వంక చూశాడు.

"అక్కా," అంది హవిజావా నెమ్మదిగా, "మోగుతోంది. ఎత్తు."

దానికి ఎప్పటినించీ తెలుసో నేను ఇప్పటికీ అడగలేదు. ఏం చెయ్యను? పరువు మొత్తం పోయినా ముసుగు ఇంకా మిగిలే ఉంది. ఫోను తీసి ముసుగు కిందికి తోసి, నా అసలు గొంతుతో, "హలో, ఎవరూ?" అన్నాను.

నాకు మూరెడు దూరంలో ఎంబరుకు నోరు వెళ్ళబెట్టాడు. హవిజావా లేచి, వాడి చేతిలోంచి ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది. నా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి మాట్లాడింది.

"అక్కా, నేను హవిజావాని. నా గది చూసుకోవడానికి ఒకావిడ వచ్చింది. యాభై కన్నా ఎక్కువ ఇవ్వనంటోంది. ఏమంటావు?"

నేనూ అటు తిరిగి నిలబడ్డాను. "ఆవిడకి ఇవ్వను."

"ఏం, మంచిదేగా?"

"మంచిది కాదు. ఊళ్ళో వాళ్ళ మాటలు విని ఇల్లు పాడుచేసుకునే రకం. తలపొగరుది."

"మరెవరికిస్తావు?"

"యాభై ఇచ్చేవాళ్ళకి."

"ఎవరది?"

మనిషి ఎదుటపడి పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ అనలేని మాట. ఫోనులో మాత్రం చచ్చినట్టు అనేశాను. "వెళ్ళకే హవీ. నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు."

అవతల్నించి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అవతలంటే నా వెనకే. ఫోనులో ఒకసారి, గదిలో ఒకసారి.

"అమ్మా, నా బ్యాలెన్సు అయిపోతోంది!" అని ఎంబరుకు మొత్తుకున్నాడు. "గది కుదిరిందా లేదా? కుదిరితే నా కమీషను ఎవరిస్తారు?"

"ముందు కప్పు బాగుచేయిస్తావా అక్కా?" అంది హవిజావా ఫోనులో.

"వచ్చే వారం," అన్నాను అలవాటుగా.

వెనకనించి తాడు ముడి గట్టిగా బిగిస్తున్న చప్పుడు వినిపించింది.

"రేపు! రేపే!" అని అరిచాను. "పొద్దున్నే మనుషుల్ని పిలుస్తాను!"

"రేపు పొద్దున శుక్రవారం. ఎవరూ రారు. శనివారం పిలు," అని ఫోను దలాలీ చేతిలో పెట్టి, హవిజావా కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది. నేను ముసుగు తీసేసి, కింద కూలబడి, రెండో కొస పట్టుకున్నాను.