పన్నెండు డబ్బాల సుద్దముక్కలు

విమానాశ్రయంలో నా పెట్టె తెరిచిన అధికారి, చీరల కింద పన్నెండు అట్టడబ్బాలు చూసి కనుబొమ్మలు ముడిచాడు. ఒక డబ్బా విప్పి, తెల్లటి ముక్క ఒకటి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏమిటిది?"

"సుద్దముక్క."

నమ్మలేదు. ఇంకో అధికారిని పిలిచాడు. ఆయన కూడా వాసన చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, సుద్దముక్క అంటే సుద్దముక్కే! ఆయన చేతిలోది లాక్కుని, పెట్టె పెట్టిన వాళ్ళ నల్లటి బల్ల మీదే రెండు రెళ్ళు నాలుగు అని రాసి చూపించాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి, నన్ను పంపించేశారు.

ఆ దేశంలో నా మొదటి పాఠం అదే. విద్యార్థులు ఇద్దరు.

నేనిలా బయల్దేరతానని మావాళ్ళెవరూ అనుకోలేదు. మా బడిలో హెడ్మిస్ట్రెస్ పోస్టు ఖాళీ అయినప్పుడు వరస ప్రకారం ఆ కుర్చీ నాది. యాజమాన్యం వారు దాన్ని తమ ఇంటికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఇచ్చారు. ఆ పిల్ల జన్మలో ఒక్క పీరియడు చెప్పలేదు. రాజీనామా రాసి ఆవిడ చేతికే ఇచ్చి, "తప్పులుంటే దిద్దమ్మా" అని వచ్చేశాను. నా కోపం అలాంటిది. దాంతో పడలేకే పెళ్ళి కాలేదని మా అన్నయ్య అంటాడు. నేనే చేసుకోలేదని నేనంటాను.

అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే, చెవి మెలేసి మరీ. నేను టీచరునయ్యాక కూడా ఆయనకి నేను పంతులమ్మనే. ఆ మాట గౌరవంగా కాదు, వెటకారంగా అనేవాడు. పేపరు చదువుతూ, తలెత్తకుండా.

"నలభై ఆరేళ్ళొచ్చాక ఏం పోయేకాలమే నీకు, పంతులమ్మా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇక్కడ కుర్చీ దక్కించుకోలేనిదానివి, ఊరు కాని ఊళ్ళో ఏం వెలగబెడతావు?" అన్నాడు బయల్దేరే ముందు. "మూడు నెలల్లో తిరిగొస్తావు. వీధిగది ఖాళీగానే ఉంటుందిలే."

మూడు నెలలని ఊరికే అనలేదు. పైదేశపు బడి వాళ్ళు పంపిన నా ఉద్యోగం కాగితంలో అలాగే ఉంది. మొదటి మూడు నెలలూ పరీక్షాకాలం. నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే టికెట్టు చేతిలో పెడతారు. ఇటు చూస్తే ఉద్యోగం వదిలేశాను, అద్దిల్లు ఖాళీ చేశాను. ఓడిపోతే నాకు మిగిలేది అన్నయ్య వీధిగది, రోజూ కాఫీతోపాటు 'నే చెప్పలా' అన్న మాట. దానికంటే ఆ విమానాశ్రయంలోనే కూర్చుని సుద్దముక్కలు అమ్ముకోవడం నయం.

నాకు దొరికిన గది ఒక లాండ్రీ పైన ఉంది. కిటికీ జానెడు మాత్రమే తెరుచుకుంటుంది. కింద యంత్రాలు తిరుగుతుంటే నా గ్లాసులో నీళ్ళు వణుకుతూ ఉండేవి. మొదటి ఆదివారం అన్నం వండుకుని, ఎదురుగా మనిషి లేక గోడ కేసి చూస్తూ తిన్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచుకోవడమెందుకు? ఏడ్చి, గిన్నె తోముకుని, పాఠం రాసుకున్నాను.

బడి మాత్రం అద్దంలా ఉంది. ముదురాకుపచ్చ నేల మీద మొహం కనపడేది. నల్లబోర్డు లేదు. గోడంతా తెల్లబోర్డులే, వాటికి రంగు పెన్నులు. నా పన్నెండు డబ్బాలూ పెట్టెలోనే ఉండిపోయాయి. అయినా చేతి అలవాటు పోక ఒక డబ్బా సంచీలో వేసుకుని తిరిగేదాన్ని.

అసలు చిక్కు బోర్డుతో కాదు, నిశ్శబ్దంతో వచ్చింది. మా బడిలో ఒక్కో తరగతికి అరవై ఐదు మంది. లెక్క చెప్పి "అర్థమైందా?" అంటే, "ఆఁ... టీచర్!" అని పైకప్పు ఎగిరిపోయేలా రాగం తీసేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఆ రాగం వినే నేను తరవాతి లెక్కకి వెళ్ళాను. ఇక్కడ పన్నెండేళ్ళ పిల్లలు, పద్దెనిమిది మంది. మొదటి రోజు ఇంగ్లీషులో అదే మాట అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. పద్దెనిమిది జతల కళ్ళు నన్నే చూస్తున్నాయి.

అర్థం కాలేదేమో పాపం, అనుకుని మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ నిశ్శబ్దం. మూడోసారి ఇంకా నెమ్మదిగా, పసిపిల్లలకి గోరుముద్దలు తినిపిస్తున్నట్టు చెప్పాను. అలా ఒక రోజు కాదు, ఏడు వారాలు! చివరి వరసలో ఒక పిల్ల ఉండేది. ఆ ఏడు వారాల్లో దాని గొంతెలా ఉంటుందో నాకు తెలియలేదు. మనసులో దానికి 'మౌనవ్రతం' అని పేరు పెట్టుకున్నాను.

ఎనిమిదో వారం ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. సన్నటి మనిషి, ఇస్త్రీ మడత నలగని ప్యాంటు. ఎదురుగా కాగితాలు సర్దుకుని మెల్లగా చెప్పారు.

"తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులొచ్చాయండి. చెప్పిందే మూడుసార్లు చెప్తున్నారట. మా పిల్లల్ని మందబుద్ధులనుకుంటున్నారా అని అడుగుతున్నారు."

మందబుద్ధులా? వాళ్ళకోసం గొంతు అరగదీసుకుంటుంటే!

"వచ్చే శుక్రవారం మీ పాఠానికి నేనొచ్చి కూర్చుంటాను. మిమ్మల్ని ఉంచాలో వద్దో ఆ రోజే నిర్ణయం," అన్నారాయన.

స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలో కూలబడ్డాను. పక్కన సైన్సు మాస్టారు ఉన్నారు. చొక్కా నిండా జేబులు, ప్రతి జేబులో ఏదో ఒక పెన్ను. నేను ఆయన్ని జేబుల మాస్టారనే అనుకునేదాన్ని. సంగతంతా విని పకపకా నవ్వారు.

"అయ్యో, ఎవరూ చెప్పలేదా మీకు? ఇక్కడ అర్థం కాకపోతేనే చెయ్యెత్తుతారు. నోరు మెదపలేదంటే అర్థమైనట్టే. ముందుకి వెళ్ళిపోండి!"

"ఆ ముక్క ఏడు వారాల కిందట చెప్పకూడదుటండీ!" అన్నాను కోపంగా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. దాచడం నాకు చేతకాదు. చెప్పేశాను.

"నే చెప్పలా," అన్నాడు. అనకుండా ఉంటాడా? "టికెట్టు ఎప్పటికి చూడమంటావు, పంతులమ్మా?"

"శుక్రవారం దాకా ఆగు," అని పెట్టేశాను. తాడో పేడో అక్కడే తేలుతుంది.

శుక్రవారం ప్రిన్సిపాల్ చివరి వరసలో, మౌనవ్రతం పక్క కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం. 'అర్థమైందా' అని అడగకూడదని నాలుకకి ఒట్టు పెట్టుకుని మొదలెట్టాను. భిన్నాల భాగహారం. మొదటి రెండు లెక్కలూ గుర్రంలా పరిగెత్తాయి. మూడో లెక్క, మూడుని అరతో భాగించాలి. రాస్తూ ఉండగా వెనక నుంచి ప్రిన్సిపాల్ పెన్ను గీకిన చప్పుడు వినిపించింది. ఏం రాశారో, నా గురించేనా? ప్రాణం అటు పోయింది, చెయ్యి ఇక్కడ ఉండిపోయింది. ఆ చెయ్యి జవాబు రాసేసింది.

ఒకటిన్నర.

"అది తప్పు."

ఎవరిదా గొంతు? ఎప్పుడూ విన్నది కాదు. తిరిగి చూస్తే మౌనవ్రతం చెయ్యెత్తి ఉంది.

ముక్కుపుటాలదిరాయి. ఇరవై రెండేళ్ళలో నన్ను తప్పన్న పిల్లకాయ లేడు. మా దగ్గరైతే ఆ ఒకటిన్నరని అరవై ఐదు మందీ బుద్ధిగా నోటు పుస్తకంలో ఎక్కించి, ఆఁ టీచర్ అనేవాళ్ళు. ఏమిటే నీ ధైర్యం, అనబోయి బోర్డు చూశాను. తప్పే! ఎంత వెతికినా అందులో ఒప్పు లేదు.

తప్పించుకునే దారి ఒకటుంది. ప్రపంచంలో టీచర్లందరికీ తెలిసిన దారే. 'కావాలనే రాశాను, మీరు కనిపెడతారో లేదో చూద్దామని' అంటే సరిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అన్నయ్యకి చెప్పలేని అబద్ధం ఆ పిల్లకెలా చెప్పను?

"అవును, తప్పే," అన్నాను. "నేనే తప్పు రాశాను. నువ్వొచ్చి దిద్దు."

వచ్చింది. పెన్ను ఇస్తే తీసుకోలేదు. "రాస్తే చాలదు. ముక్కలు చేసి చూపించాలి, పెద్దగా," అంది. అప్పుడు గుర్తొచ్చింది నా సంచీ. డబ్బా తీసి ఒక సుద్దముక్క దాని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ అద్దంలాంటి నేల మీద మూడు పొడుగాటి పట్టీలు గీసింది. ఒక్కో పట్టీని సగానికి కోసింది.

"మూడింటిలో ఎన్ని అరలున్నాయని అడుగుతోంది లెక్క. ఆరున్నాయి."

"కాదు! అరతో అంటే సగం చెయ్యడమేగా? టీచర్ రాసిందే రైటు," అన్నాడు ముందు వరస పిల్లాడు.

"నేనూ ఒకటిన్నరే అనుకున్నా," అంది ఇంకో పిల్ల. చేతులెత్తమన్నాను. పదకొండు లేచాయి. పద్దెనిమిదిలో పదకొండు! జేబుల మాస్టారి మాట నమ్మి ముందుకెళ్ళి ఉంటే ఏమయ్యేది? మా పిల్లలు అరుపు వెనక దాక్కున్నట్టే, వీళ్ళు మౌనం వెనక దాక్కున్నారు. ఇన్నేళ్ళూ నేను విన్నది రాగమే, జవాబు కాదు.

డబ్బా మొత్తం నేల మీద గుమ్మరించాను. "రండి, అందరూ గీసి తేల్చండి!" అన్నాను. అంతే, తరగతి సంత అయిపోయింది. పద్దెనిమిది మందీ నేల మీదే. కాదంటే కాదు, అవునంటే అవును అని వాదులాట. నేను వెళ్ళి చివరి వరసలో మౌనవ్రతం కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ప్రిన్సిపాల్ ఏరీ అని చూస్తే, ఆ మడత నలగని ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చుని, మూడుని ముప్పావుతో భాగిస్తే ఎన్ని ముక్కలో గీసుకుంటున్నారు!

పావుగంటకి గోల సద్దుమణిగింది. ఆఖరి పిల్లాడు కూడా ఆరేనని ఒప్పుకున్నాడు. మౌనవ్రతం చేతులు దులుపుకుని, చివరి వరసలో ఉన్న నా కేసి తిరిగింది.

"అర్థమైందా?" అంది, అచ్చం నాలాగే.

"ఆఁ... టీచర్!"

ఎక్కణ్ణుంచి తన్నుకొచ్చిందో, తెలుగులో, మా బడి రాగంలో, పైకప్పు ఎగిరేలా అరిచాను. ఒక్క క్షణం అందరూ బిత్తరపోయారు. తరవాత నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లోనే పద్దెనిమిది గొంతులూ వచ్చీరాని తెలుగులో "ఆఁ... టీచర్!" అని రాగం తీశాయి.

గంట కొట్టాక ప్రిన్సిపాల్ తన గదికి పిలిచారు. మోకాళ్ళ నిండా సుద్ద.

"నాకు చిన్నప్పుడు తిరగేసి గుణించమన్నారు, గుణించాను. ఎందుకో ఇవాళ తెలిసింది," అంటూ కాగితం ముందుకి జరిపారు. పరీక్షాకాలం కొట్టేసి ఉంది. కింద, ఉద్యోగం ఖాయమని సంతకం. "ఇంతకీ ఆ సుద్దముక్కలు ఇంకా ఉన్నాయా? మిగతా లెక్కల టీచర్లకి కూడా ఈ పాఠం మీరే చూపించాలి."

"ఇంకా పదకొండు డబ్బాలున్నాయండీ," అన్నాను.

గదికి రాగానే అన్నయ్యకి ఫోన్ చేశాను.

"టికెట్టు అక్కర్లేదు. ఉద్యోగం ఖాయమైంది," అని జరిగిందంతా చెప్పాను.

"ఒకటిన్నర రాస్తే తప్పన్నారా?" అన్నాడు. "మూడుని అరతో భాగిస్తే ఒకటిన్నరే కదే?"

ఓరి దేవుడా! నా చెవి మెలేసిన చెయ్యి ఇదా?

"అన్నయ్యా, చేతిలో పేపరుందా?"

"ఉంది."

"మూడు కాగితాలు తియ్యి. ఒక్కోటీ సగానికి చించు."

ఫోన్లో చర్రుమని వినిపించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తరవాత లెక్కపెట్టుకుంటున్న గొణుగుడు.

"ఎన్నొచ్చాయి?"

"ఆరు."

"అర్థమైందా?"

కింద లాండ్రీ యంత్రం ఒక చుట్టు తిరిగి ఆగింది. రచ్చ పొద్దున్నే గెలిచాను, మిగిలింది ఇల్లే. ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"అర్థమైంది, టీచర్," అన్నాడు అన్నయ్య.