చెర్రీ వాసన

మత్తు మాస్కుకి ఏ వాసన రాయాలో పిల్లల్నే అడగడం అమెరికాలో డులూత్ ఊళ్లోని ఆ ఆసుపత్రి అలవాటు. నారింజ, స్ట్రాబెర్రీ, బబుల్‌గమ్ చూపించారు. నాలుగేళ్ల ఎల్సీ దేనికీ తలూపలేదు. పిల్లకి టాన్సిల్స్ తీయాలన్న దగ్గర్నుంచీ దాన్ని వదిలి కదలడం లేదు తల్లి బ్రిట్టా. కోటు జేబులోంచి తను రోజూ పెదాలకు రాసుకునే చెర్రీ బామ్ తీసింది.

"ఇది రాయండి. అమ్మ పక్కనున్నట్టే ఉంటుంది దానికి."

రాశారు. ఎల్సీ పీల్చింది. కళ్లు మూసింది.

ఆపరేషన్ బాగానే అయింది. మెలకువ దగ్గరే వచ్చింది తంటా. ఎల్సీ కళ్లయితే తెరిచింది గాని, ఆ కళ్లలో ఎల్సీ లేదు. కాళ్లు తన్నుకుంటోంది. ముద్దు పెట్టబోయిన తల్లి మొహం మీద ఒక్కటిచ్చింది.

"నువ్వొద్దు, పో. అమ్మ కావాలి."

"నేనేనే అమ్మని. ఇటు చూడవే." బ్రిట్టా భుజాలు పట్టి కుదిపింది. పిల్ల మరింత గింజుకుంది.

"కుదపకమ్మా," అంది నర్సు డోరీన్, మంచం కమ్మీలకు దిండ్లు అడ్డం పెడుతూ.

"నన్నే మర్చిపోయింది. దాని బుర్రకేమన్నా అయితే?"

"ఏం కాలేదు. ఇల్లంతా ఒక్కసారే లేస్తుందా? మా ఇంట్లో ముందు కుక్క లేచి మొరుగుతుంది, మా ఆయన ఎప్పటికో లేస్తాడు. మెదడూ అంతే. అందులో నిద్రపుచ్చే రసాయనానికి మత్తుమందు బలమిస్తుంది. మందు దిగాక, మేలుకొలిపే రసాయనాలు ఒక్కోచోట ఒక్కోసారి పనిలోకొస్తాయి. దీనికి భయం లేచింది. అమ్మని గుర్తుపట్టేది ఇంకా దుప్పట్లోనే ఉంది."

"లేస్తుందంటారా?"

"కాసేపట్లో. నువ్వు కుదిపితే కుక్కే మొరుగుతుంది."

డోరీన్ దీపాలు తగ్గించి వెళ్లింది. బ్రిట్టా వంగినప్పుడల్లా ఎల్సీ ముక్కు పక్కకి తిప్పుకుంటోంది. "మాస్కొద్దు" అని ఏడ్చింది. మాస్కెక్కడుంది? బ్రిట్టా చెయ్యి తన పెదాల మీదికి పోయింది. ధైర్యం కోసం పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు రాసుకుందో, ఆ చెర్రీ బామే.

తడి గుడ్డతో పెదాలు మండేదాకా తుడుచుకుంది. ఇక పిలవలేదు, ముట్టుకోలేదు. ఏడుపు సన్నగిల్లే దాకా కదలకుండా కూర్చుని, అప్పుడు దిండు పక్కన తల ఆనించింది. నిద్రొస్తే అమ్మ చెవి పట్టుకోవడం ఎల్సీకి పాలు తాగే నాటి అలవాటు. చిన్న వేళ్లు దిండంతా తడిమాయి. చెవి దొరికింది.

"అమ్మా, ఎక్కడికెళ్లావ్?" గొంతు బొంగురుగా ఉంది.

"ఇక్కడే ఉన్నానే."

డోరీన్ తలుపులోంచి తొంగిచూసింది. "ఏమ్మా, మా ఆయన లేచాడా?"

బ్రిట్టా తలూపలేదు. ఊపితే చెవి జారిపోతుంది. బొటనవేలు మాత్రం ఎత్తి చూపింది.