డ్రైవర్ పేరు: పద్మలత

జొన్నరొట్టె రెండో పక్కకు తిప్పుతుంటే, వాకిట్లో కూర్చున్న మా అత్తమ్మ గంగమణి తన బిడ్డతో ఫోన్లో మాట్లాడటం వినిపించింది.

"ఏం జెప్పాలె స్వర్ణా! బంగారమసొంటి కారును తీస్కపోయి కల్వర్టుకు గుద్దింది మీ వదినె. మీ అన్న మొఖం జూడబుద్ధి అయితలేదు. ఆడోళ్ల చేతికి స్టీరింగ్ ఇస్తే గిట్లనే ఉంటది."

రొట్టె మాడిపోయింది. దాన్ని నా పళ్లెంలో వేసుకుని ఇంకొకటి తట్టడం మొదలుపెట్టాను. ఈ ఇంట్లో మాడినవన్నీ నా పళ్లెంలోకే వస్తాయి. అవి ఎవరు మాడ్చారని ఎవరూ అడగరు.

ఆ కారును గుద్దింది నేను కాదు. పోయిన మంగళవారం మధ్యాహ్నం భీమ్‌గల్‌లో దోస్తు ఇంట్లో దావత్‌కు పోయి, కడుపునిండా తాగి వస్తూ నా భర్త గంగాకిషన్ కల్వర్టు గోడకు గుద్దాడు. ఆయనకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఆ సమయంలో నేను ఆర్మూర్‌లో, మార్కెట్ రోడ్డు మీది వేబ్రిడ్జి కిటికీలో కూర్చుని ఉన్నాను. మా దగ్గర దాన్ని కాంటా అంటారు. పసుపు సీజను కదా, ట్రాక్టర్లు రోడ్డు దాకా వరుస కట్టాయి. బస్తాలతో సహా బండిని తూచి, చీటీ కొట్టి ఇవ్వడం నా పని. పన్నెండేళ్లుగా అదే కిటికీ, అదే కుర్చీ.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన మోచేతికి కట్టుతో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇన్సూరెన్స్ కాగితం నా ముందుకు జరిపి, "డ్రైవర్ కాడ నీ పేరు రాసిన" అన్నాడు.

"నా పేరెందుకు?"

"నాకు ఈడి లైసెన్స్ లేదు గదనే. నీకున్నది."

"మరి సంతకం?"

"గది గూడ నేనే పెట్టిన. నువ్వు కాంటా కాడ ఉంటివి, యాళ్లకు దొరకవైతివి. ఫికర్ జేయకు, ఆడిమనిషివని ఎవ్వలేం అనరు."

నాకేదో శ్రమ తప్పించినట్టుగా చెప్పాడు ఆ మాట. నేను కాగితం వైపు చూశాను. డ్రైవర్ పేరు: పద్మలత. తొమ్మిదేళ్లుగా నన్ను తాకనివ్వని స్టీరింగును, అది గోడకు తగిలాక నా చేతిలో పెట్టాడు.

ఈ లైసెన్సు సంగతి చెప్పాలి. కారు కొన్నప్పుడు ఆయన దుబాయ్‌లో ఉన్నాడు. సంతకాలు పెట్టడానికి ఇక్కడ మనిషి కావాలి గనక బండి నా పేరు మీద కొన్నారు. ఇంట్లో ఊరికే పడి ఉంటుందని నేనే పెర్కిట్‌లో డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకున్నాను. రెండేళ్లు నడిపాను. అత్తమ్మ కంటి ఆపరేషనుకు నిజామాబాద్ దవాఖానకు ఆరుసార్లు తిప్పింది నేనే. అప్పుడామె వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకునేది. ఆడోళ్ల స్టీరింగు మీద ఆమెకు అప్పుడు ఏ అభ్యంతరమూ లేదు.

తరువాత ఆయన దుబాయ్ వదిలేసి వచ్చాడు. పెర్కిట్ చౌరస్తాలో బస్సు దిగే చోటికి నేనే కారు తీసుకుని వెళ్లాను. బాగున్నావా అని కూడా అనకముందే చెయ్యి చాపి, "తాళం చెవి ఇయ్యి, ఇగ నేనొచ్చిన గద" అన్నాడు. సీట్లో కూర్చుని కింద ఉన్న పట్టీ లాగి సీటును చివరిదాకా వెనక్కి నెట్టాడు. ఆయనవి పొడుగు కాళ్లు. అప్పటినుంచి నా చోటు పక్క సీటు, నా ఒళ్లో టిఫిన్ డబ్బా. బండి గతుకులో పడ్డప్పుడల్లా ఒకటే మాట: "గట్టిగ పట్టుకో, చారు ఒలకనియ్యకు." లైసెన్సు తీసుకొమ్మని ఎన్నిసార్లు చెప్పానో. "దుబాయ్‌ల ఆరు లైన్ల రోడ్ల మీద తోలినోన్ని, ఆర్మూర్‌ల నాకు లైసెన్స్ ఇచ్చేటోడెవడే?" అని నవ్వేవాడు. అక్కడి లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది. దాన్ని మాత్రం పర్సులో దేవుడి ఫోటో పక్కన పెట్టుకుని తిరిగేవాడు.

ఇంట్లో మాటలు నాకు అలవాటే. నేను తట్టుకోలేకపోయింది కాంటా దగ్గర. బుధవారం పొద్దున్నే ఒక డ్రైవరు ట్రాక్టర్ మీది నుంచి అరిచాడు: "పద్మక్కా, బండి కాంటా మీదికి ఎక్కిస్తున్న. జర నువ్వు దూరముండు, నాకు భయమైతుంది!" వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మధ్యాహ్నం కాంటా యజమాని కిటికీ దగ్గరికి వచ్చి, "నజర్ మంచిగనే ఉన్నదా అమ్మా? ఈడ అంకె తప్పితే రైతులు మన మీద పడ్తరు" అన్నాడు. పన్నెండేళ్లలో ఒక్క చీటీ తప్పు కొట్టలేదు నేను. నా దగ్గర తూచిన పసుపును ఇంకో కాంటా మీద మళ్లీ తూచినవాళ్లు లేరు. నాకంటూ ఈ ఊళ్లో ఉన్నది ఆ నమ్మకం ఒక్కటే, దాన్ని నా భర్త తన లైసెన్సుకు బదులుగా వాడుకున్నాడు. ఆ సాయంత్రమే మంగళవారం నాటి చీటీల కట్ట తీసి, నాకు కావాల్సిన నకలు చింపి సంచీలో పెట్టుకున్నాను. వారం రోజులు దాన్ని మోస్తూ తిరిగాను.

ఇన్సూరెన్స్ తరఫున బండి చూడటానికి దయానంద్ గారు మెకానిక్ రాజమల్లు షెడ్డుకు వచ్చారు. బండి యజమాని కూడా ఉండాలన్నారట, అందుకని నా భర్త నన్నూ తీసుకెళ్లాడు. దయానంద్ గారు బండి చుట్టూ తిరిగి, ఫోటోలు తీసుకుని, "బాగు చేయించే ఖర్చు బండి విలువను దాటుతది. మా భాషల దీన్ని టోటల్ లాస్ అంటం" అన్నారు.

నా భర్త మొహం వెలిగిపోయింది. నల్లరంగు పెద్ద బండి ఒకటి ఆయన ముందే చూసి పెట్టుకున్నాడు. ఆ హుషారులో నా భుజం మీద చరిచి, "మా ఇంట్ల గూడ ఒక టోటల్ లాస్ ఉన్నది సార్. దానికే ఇన్సూరెన్స్ లేకపాయె!" అన్నాడు.

దయానంద్ గారు నేల వైపు చూశారు. రాజమల్లు పానా తిప్పడం ఆపాడు.

"బండి కంపెనీకి అప్పజెప్తే పూర్తి పైసలొస్తయ్. బండి మీరే ఉంచుకుంటరంటే, దాని విలువ కోసుకుని మిగిలింది ఇస్తరు. ఏదైనా ఓనర్ సంతకం గావాలె. ఓనర్ ఎవరు?" అని అడిగారు దయానంద్ గారు.

"నేనే" అన్నాడు నా భర్త.

దయానంద్ గారు కాగితం చూశారు. "ఈడ పద్మలత అని ఉన్నది."

"ఒక్క నిమిషం సార్" అని నేను బండి తలుపు లాగి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. తొమ్మిదేళ్ల తరువాత. కాళ్లు చాపాను. క్లచ్చుకు ఇంకా జానెడు దూరంలో నా చెప్పులు గాలిలో ఆగిపోయాయి. సీటు ముందుకు లాగడానికి పట్టీ ఎత్తాను. కదలలేదు.

"అది జరగదక్కా" అన్నాడు రాజమల్లు. "గుద్దుడుకు కింద పట్టాలు వంగినయ్. గుద్దినప్పుడు సీటు ఏడుండెనో ఆడ్నే పట్టేసింది." అనేశాక తనేమన్నాడో తనకే అర్థమై నోరు మూసుకున్నాడు.

ముగ్గురూ నా పాదాల వైపు చూస్తున్నారు.

"అమ్మా," అన్నారు దయానంద్ గారు మెల్లగా, "నడిపింది మీరేనా?"

"చెప్పవే, సార్ అడుగుతుండు గద" అన్నాడు నా భర్త. గొంతులో బెదిరింపు ఉంది, బతిమాలడం కూడా ఉంది. ఆ రెండోది నాకు భలే నచ్చింది.

సంచీలోంచి చీటీ తీసి ఇచ్చాను. మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు, పసుపు ట్రాక్టర్, తూచినవారు పద్మలత. ఆయన దావత్ నుంచి వస్తూ గోడకు గుద్దిన సమయం క్లెయిము కాగితంలో ఆయనే రాశాడు, రెండున్నర దాటాక అని.

"నేను నడపలేదు సార్. ఆ కాగితం మీద సంతకం నాది గాదు. నాకు ఈ క్లెయిమే వద్దు, గదే రాసిస్త. బండి నేనే ఉంచుకుంట."

"పిచ్చి లేసిందా నీకు? ఒక్క పైస రాదు! టోటల్ లాసే అది!"

"నాకు ఎర్కనే. ఉంచుకుంట."

అక్కడే, రాజమల్లు బల్ల మీద, తెలుగులో నాలుగు వరుసలు రాసి నా సంతకం నేను పెట్టాను. దాని నకలు ఒకటి కాంటా కిటికీ అద్దానికి, తూకం ధరల కాగితం పక్కన అంటించాను. మర్నాడు ట్రాక్టర్ వాళ్లు వరుసలో నిలబడి తీరిగ్గా చదువుకున్నారు. సాయంత్రానికి సిరికొండ దాకా తెలిసిపోయిందట. కాంటా యజమాని నాకు చాయ్ తెప్పించాడు.

ఇంట్లో మూడు వారాలు ఎవరూ నాతో మాట్లాడలేదు. అంత హాయిగా నేనెప్పుడూ లేను.

"కంపెనీ లెక్కల పోయిన బండే," అన్నాడు రాజమల్లు. "నా లెక్కల ముందు మొఖమే పోయిందక్కా." పాత బండ్ల సామాను వెతికి తెచ్చి, మెల్లగా నిలబెట్టాడు. బానెట్ ఒక రంగు, తలుపులు ఒక రంగు. చివరి రోజు నన్ను పిలిచి సీటు చూపించాడు. "కొత్త పట్టాలేసిన. ఇగ ముందుకు, ఎనకకు మంచిగ జరుగుతది."

నేను కూర్చుని, క్లచ్చు కాలికి అందేదాకా ముందుకు జరుపుకున్నాను.

"ఇక్కడ పెట్టి వెల్డింగ్ కొట్టు."

"వెల్డింగా? మళ్ల జరగదక్కా!"

"జరగొద్దనే."

రాజమల్లు మిషను దగ్గరికి లాక్కున్నాడు. తరువాత నవ్వుకుంటూ వెల్డింగ్ అద్దం మొహానికి దించుకున్నాడు.

ఆదివారం పొద్దున బండిని నేనే నడుపుకుంటూ ఇంటి ముందు ఆపాను. స్వర్ణ వచ్చి ఉంది, అత్తమ్మ వాకిట్లో ఉంది, అందరం మెండోరలో పెళ్లికి పోవాలి. నా భర్త బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మూడు వారాల తరువాత మొదటిసారి నాతో మాట్లాడాడు. చెయ్యి చాపి, "తాళం చెవి ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను.

ఒక కాలు లోపల పెట్టాడు. రెండో కాలు పెట్టబోతే మోకాలు స్టీరింగుకు తగిలింది. పట్టీ లాగాడు, మళ్లీ లాగాడు. సగం లోపల, సగం బయట ఇరుక్కుని చెమటలు కక్కుతుంటే వాకిట్లోంచి అత్తమ్మ అరిచింది: "ఏమైందిరా? నీకు బండెక్కొస్తలేదా?" స్వర్ణ కొంగు అడ్డం పెట్టుకుంది, కానీ ఆ నవ్వు నేను చూశాను.

ఆయన దిగాడు. నేను తాళం చెవి తీసుకుని నా సీట్లో కూర్చున్నాను, పక్క తలుపు తెరిచాను, టిఫిన్ డబ్బా ఆయన చేతికిచ్చాను.

"కూసో," అన్నాను. "గట్టిగ పట్టుకో, చారు ఒలకనియ్యకు."