కుర్చీకి జానెడు ఎత్తున

గురవమ్మ కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని కానాగంత చేపలు కోస్తూనే ఉంది. ఫోనులోంచి వినీల పిలవడం అది రెండోసారి.

"అవ్వా, మొదలుపెడదామా?"

"ఉండమ్మా, ఈ నాలుగూ అయిపోనీ. సగంలో వదిలేసి లేస్తే నాకంటే ముందు పిల్లి వచ్చి పరీక్ష రాసిపోద్ది."

ఫోను పట్టుకున్న కోడలు ధనలక్ష్మి కిసుక్కున నవ్వింది. నెల్లూరులో, ఆసుపత్రి మేడ మీది ఇరుకు గదిలో కూర్చున్న వినీల కూడా నవ్వి ఊరుకుంది. పెద్దవాళ్లను తొందరపెట్టకూడదని శిక్షణలో చెప్పారు. చెప్పకపోయినా ఆమె తొందరపెట్టే మనిషి కాదు.

వినీల ఫిజియోథెరపిస్టు. సముద్రపు ఒడ్డు పల్లెల్లోని పెద్దవాళ్లను బస్సెక్కించి రప్పించే పని లేకుండా, వాళ్ల ఇంట్లోనే, వాళ్ల నేల మీదనే వాళ్ల ఒంటి సత్తువ ఎంతో ఫోనులో చూసి అంచనా కట్టడం ఆ ఆసుపత్రి వాళ్లు నేర్పిస్తున్నారు. క్లాసులో పెంచలకృష్ణ అనే అబ్బాయి ముసలివాడిగా నటించేవాడు. నడుం పట్టుకుని, అయ్యో అమ్మో అని మూలిగి మరీ కుర్చీలోంచి లేచేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఈ రోజు నటన లేదు. నేర్పే నరేంద్రబాబు సార్ అదే కాల్‌లో తన బొమ్మా మాటా ఆపేసి, వినీల ఎలా చేస్తుందో చూస్తున్నారు.

వినీల భయం సార్‌ను గురించి కాదు, గురవమ్మను గురించి.

రెండు నెలల కిందట గురవమ్మ పడవల రేవు దగ్గర తడి మెట్ల మీద జారిపడింది. ఎముకలకేం కాలేదు. అయినా ఆ రోజు నుంచి ముత్తుకూరుకు చేపల అమ్మకానికి పోవడం మానిపించారు. మానిపించింది కొడుకూ కోడలూ కాదు, ఆమె మొగుడి అన్న, బావ చిన్నపోలయ్య. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన మాటే మాట. గురవమ్మ ఎదురు చెప్పలేదు. అన్నం మాత్రం సగానికి తగ్గించేసింది, పొద్దుగూకేదాకా గోడకానుకుని వీధిలోకి చూస్తూ ఉండిపోయేది. అది చూడలేక ధనలక్ష్మే ఆసుపత్రికి ఫోను చేసింది. "కాళ్లల్లో సత్తువుందని వాళ్లు చెప్తే పోనీ. లేదంటే ఇంక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తబల్లేదు" అన్నాడట చిన్నపోలయ్య. ఇప్పుడు వినీల ఏం రాస్తే అది.

చేపలయ్యాయి. గురవమ్మ చెయ్యి నేలకానించకుండా, దేన్నీ పట్టుకోకుండా గొంతుక్కూర్చున్న చోటు నుంచి నిటారుగా లేచి, చేతులు కడుక్కోవడానికి పోయింది. అది చూసి వినీలకు సగం ధైర్యం వచ్చింది.

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి వేయించింది. మనిషి పక్క నుంచి, తల నుంచి పాదాల దాకా కనబడేలా ధనలక్ష్మిని నిలబెట్టింది.

"అవ్వా, చేతులు ఇట్లా గుండెల మీద కట్టుకో. పూర్తిగా కూర్చోవాలి, పూర్తిగా లేవాలి. అర నిమిషంలో ఎన్నిసార్లయితే అన్ని. ముందు కూర్చో."

గురవమ్మ కూర్చోలేదు.

"కూర్చోమంటాండారు అత్తా."

"నిలబడి ఉంటాలే. పొద్దంతా నిలబడి అమ్మినదాన్ని, నాకేంది?"

గదిలో ఎక్కడో ఎవరో దగ్గారు. గురవమ్మ పమిట భుజాల చుట్టూ లాక్కుని గబగబా కుర్చీ ముందుకొచ్చి చేతులు కట్టుకుంది.

వినీల మొదలుపెట్టమంది. గురవమ్మ మోకాళ్లు వంచి కిందికి దిగింది. కుర్చీకి జానెడు ఎత్తున గాలిలో ఆగి, లేచింది. మళ్లీ దిగింది, మళ్లీ అక్కడే ఆగి లేచింది. నాలుగైదుసార్లకు తొడలు వణికాయి. గోడ పట్టుకుని ఆగిపోయింది.

తెర మీద నరేంద్రబాబు సార్ రాసిన మాటలు కనబడ్డాయి. 'కుర్చీ తగల్లేదు. ఒక్కటీ లెక్కకు రాదు. మోకాళ్ల నొప్పో, పడతానని భయమో. కనుక్కోండి.'

ఈ పరీక్షలో సున్నా అంటే, కాళ్లలో బలం లేదని రాయాల్సిందే.

"మోకాళ్లు నొప్పా అవ్వా?"

"నాకేం నొప్పి? నీకున్నాయేమో చూసుకో."

"పోనీ, పడతానని భయమా?"

"కుర్చీలోంచి యాడ పడతానమ్మా, అదేమన్నా పడవా?"

మాట గట్టిగానే ఉంది. కానీ గురవమ్మ ఫోను వైపు చూడటంలేదు. ఎడమ పక్కకు ఒక్క రవ్వ చూసి కళ్లు దించుకుంటోంది. ఇందాకటి నుంచీ అంతే.

"అక్కా, అక్కడ ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఎవురూ లేరు మేడమ్" అంది ధనలక్ష్మి. "పెదమామే గదా ఉండేది."

"కాలికి అడ్డం తగిలేవి ఉన్నాయేమో చూడాలి. ఫోను ఒకసారి గది చుట్టూ తిప్పక్కా."

ఫోను తిరిగింది. నీళ్ల బిందె, వల చుట్ట, టీవీ, దానికి ఎదురుగా నవారు మంచం. మంచం మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష తనకే అన్నట్టు చేతులు కట్టుకుని చిన్నపోలయ్య.

"నమస్కారమమ్మా" అన్నాడు ఆయన. "కుర్చీ మాదే. నేనే మోసుకొచ్చినా. గట్టిది, బయపడకుండా కూర్చోమని మీ అత్తకు చెప్పు ధనలక్ష్మీ."

మూరెడు దూరంలో ఉన్న మరదలికి ఆయన కోడలి చేత చెప్పిస్తున్నాడు.

వినీలకు అంతా తెలిసిపోయింది. బుచ్చిరెడ్డిపాలెం పక్క తమ ఊళ్లో పెదనాయన వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు వినబడితే చాలు, అమ్మ మంచం మీద నుంచి దిగి తలుపు వారన నిలబడేది. జ్వరమొచ్చిన రోజు కూడా. ఈ గురవమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి బావ ముందు కుర్చీలో కూర్చుని ఎరగదు. కూర్చోమంటున్నది ఆయనే, కాదనలేదు. ఎదురుగా ఉన్నదీ ఆయనే, కూర్చోలేదు. అందుకే రెంటికీ మధ్య, జానెడు ఎత్తున ఆగిపోయింది. శిక్షణలో ఇది ఎవరికీ ఎదురుకాలేదు. అక్కడ కూర్చోమంటే అందరూ కూర్చున్నారు.

ఈ మాట పైకి అనకూడదు. అంటే గురవమ్మ సిగ్గుతో చచ్చిపోతుంది. ఆ పెద్దాయనా నొచ్చుకుంటాడు.

"తాతా, మీతో ఒక పని పడింది" అంది వినీల.

"చెప్పమ్మా."

"పరీక్ష జరిగేటప్పుడు ఫోనుకూ కుర్చీకీ మధ్య ఎవరూ నడవకూడదు. మా రూలు. వీధి తలుపు తీసే ఉంది. మీరు అరుగు మీద కూర్చుని, ఎవరూ లోపలికి రాకుండా కాస్త చూడాల."

చిన్నపోలయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని లేచాడు. "కోడిని గూడా రానీను, పో" అని బయటికి నడిచాడు.

గురవమ్మ ఆయన వీపు తలుపు దాటేదాకా చూసింది. ఆ తర్వాత కుర్చీ వైపు తిరిగి, నిదానంగా, పూర్తిగా కూర్చుంది. కూర్చుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"చల్లగా ఉండాదే" అంది.

వినీల మళ్లీ మొదలుపెట్టమంది. ఈసారి గురవమ్మ లేచిన ప్రతిసారీ ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. ధనలక్ష్మి లెక్కపెట్టడం గొణుగుడుగా మొదలై అరుపుల్లోకి వచ్చింది. పది దాటాక ఫోను కూడా ఆమెతో పాటు ఎగురుతోంది.

"పద్నాలుగు!"

"ఎన్ని?" అరుగు మీద నుంచి చిన్నపోలయ్య.

"పద్నాలుగు పెదమామా!"

"మంచిదా, చెడ్డదా?"

"మీ మరదలి వయసు ఆడవాళ్లకు పదకొండొచ్చినా చాలు తాతా" అని వినీల గట్టిగా చెప్పింది.

మిగిలిన పరీక్షలు చకచకా అయిపోయాయి. తలుపు దాకా నడిచి రావడం, ఒంటికాలి మీద నిలబడటం. ఒంటికాలి మీద నిలబడి గురవమ్మ "కొంగలాగా ఉండానా?" అని అడిగింది కూడా.

సార్ వినీల సొంత ఫోనుకు విడిగా చేశారు. "మొదటిసారి ఎందుకు తగల్లేదు?"

వినీల కాల్‌లో తన మాట గురవమ్మ వాళ్లకు వినబడకుండా ఆపి, మెల్లగా అంది. "ఎదురుగా బావగారున్నారు సార్."

ఆయన నవ్వారు. "నేను మోకాళ్లే అనుకున్నానమ్మాయ్. మొదటిది పక్కన పెట్టి రెండోది రాయి. రేపు క్లాసులో ఈ సంగతి నువ్వే చెప్పు."

వినీల మళ్లీ కాల్‌లోకి వచ్చింది. "అవ్వా, నీ కాళ్లల్లో మంచి బలముంది. అమ్మకానికి పోవచ్చు. తడి మెట్ల మీద మాత్రం ఎవరి చెయ్యన్నా పట్టుకుని దిగు. బరువు కూడా కొన్నాళ్లు తక్కువ మొయ్యాల. ఇంటున్నావా?"

గురవమ్మ వినడంలేదు. తలుపు వైపు చూస్తోంది.

ధనలక్ష్మి ఫోను అటు తిప్పింది. కాపలా గదా, చిన్నపోలయ్య గడపకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం వీధి వైపు. అన్నీ విన్నాడని ఆయన భుజాలు చూస్తేనే తెలుస్తోంది. వద్దనాలంటే ఆయన గొంతు నాలుగిళ్ల అవతలికి వినబడుతుంది. ఇప్పుడు ఏమీ అనలేదు.

"పడవలొచ్చే వేళయింది" అంది ధనలక్ష్మి, ఎవరితోనో తెలియనట్టు.

గురవమ్మ పమిట నడుముకు బిగించి గడప దాకా వచ్చి ఆగింది. చిన్నపోలయ్య వెనక్కి తిరగలేదు. వీధిలోకి చూస్తూనే, ఒక కాలు ముడుచుకున్నాడు. తర్వాత రెండోది.

"అత్తా, మేడమ్ ఇంకా మాట్లాడతాండాది!" అని ధనలక్ష్మి పిలిచింది.

గురవమ్మ తల దించుకుని, గడప దాటి రేవు వైపు వెళ్లిపోయింది.